అడగకుండా విన్న లాలి

ఆ పాట నేను కట్టింది. నా మనవరాలి కోసం కట్టింది. దాని ఎడమ చెవి మీద మినపగింజంత మచ్చ ఉంటుంది. ఆ మచ్చ కూడా పాటలో ఉంది.

"చెవి మీద మచ్చమ్మా, చెంగు పట్టి నడువమ్మా,
అవ్వ దూరదేశాన అన్నం వారుస్తా ఉండాది..."

ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదు. ఈ అరబ్బు దేశంలో, అబూ హమూర్ అనే చోట నేను వంట చేసే ఇంట్లో మధ్యాహ్నం గిన్నెల పని అయిపోయాక, వెనక బట్టల మిషన్ పక్కన ఒక మెట్టు ఉంది, దాని మీద కూర్చుని ఫోన్లోకి పాడేదాన్ని. అది వాయిస్ మెసేజీగా వెళ్ళేది. ఊళ్ళో నా కూతురు తన ఫోన్ తీసుకెళ్ళి బిడ్డ చెవి దగ్గర పెట్టేది. ఆ పాట నేను ఇంకెక్కడా పాడలేదు. వంటింట్లో పాడలేదు, స్నానం చేస్తూ పాడలేదు. అది నాకూ ఆ బిడ్డకూ మధ్య ఉన్న వస్తువు.

ఒక పొద్దున కూరగాయల హోల్‌సేల్ మార్కెట్‌కు పోతున్నాం. సిగ్నల్ దగ్గర బండి ఆగింది. మా ఇంటి డ్రైవర్ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ సన్నగా కూనిరాగం తీశాడు. "చెవి మీద మచ్చమ్మా..."

వెనక సీట్లో కూర్చున్న నాకు మొదట ఏమీ తోచలేదు. నా పాట నాకే వినపడుతోంది, అంతే. తరువాత అది మగ గొంతు అని తెలిసింది.

"ఏందబ్బీ ఆ పాట?" అన్నాను.

"ఏదోలే అక్కా. చిన్నప్పుడు మాయమ్మ పాడేది."

"మీయమ్మ ఎవరి చెవి మచ్చ మీద పాడేది?"

ముందున్న కారు కదల్లేదని హారన్ కొట్టి, "యల్లా, యల్లా" అని అరిచాడు. నా మాట వినపడనట్టే పోనిచ్చాడు. మార్కెట్‌లో టమాటాలు ఏరుతుంటే నా చేతులు జిగురుగా అనిపించాయి. అప్పటికి ఏమీ తెలియదు. అయినా ఒళ్ళు ముందే కనిపెట్టింది.

ఆ డ్రైవర్ మా జిల్లావాడే. నాకంటే చిన్నవాడు. మాలాంటి వాళ్ళందరికీ పెద్ద ఆసరా. ఊరి నుంచి కొత్తగా ఎవరు వచ్చినా, సిమ్ కొన్న తరువాత మొదట పోయేది అతని దగ్గరికే. మాలో చాలామందికి అక్షరం రాదు. రాసి పంపలేం, వచ్చింది చదవలేం. మాకున్నది గొంతు ఒక్కటే. బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడాలి, వదిలితే పోతుంది. కాపురాలన్నీ ఆ బటన్ మీదనే నడుస్తాయి. మొగుడితో కొట్లాట, బిడ్డ జ్వరం, మనకొచ్చిన ఆడరోగం, అన్నీ. ఆ బటన్ ఎక్కడుందో చూపించేవాడు అతను. "నీకెందుకక్కా ఆ తలకాయనొప్పి, ఇటియ్యి, సెట్ చేస్తా" అని ఫోన్ తీసుకుని ఏదో చేసి ఇచ్చేవాడు. తాళం నంబరు కూడా అతనే పెట్టేవాడు. మరిచిపోతే అడగొచ్చని అందరికీ ఒకటే నంబరు. అది మాకు తప్పుగా అనిపించలేదు. ఊళ్ళో ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోతాం కదా, అట్లాగే అనుకున్నాం.

దానికి బదులుగా నేను ఏటా అతనికి మామిడికాయ ఊరగాయ పెట్టి ఇచ్చేదాన్ని. నా చేత్తో కలిపి, నా చేత్తో జాడీకి గుడ్డ కట్టి. ఇప్పుడు తలచుకుంటే ఆ చేతిని సబ్బుతో కడుక్కోవాలనిపిస్తుంది.

అతను పిల్లల స్కూల్ దగ్గర, మాల్ దగ్గర గంటల తరబడి కారులో ఎదురుచూసేవాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు మూసుకుని ఉండేవాడు. "పాపం, బీడీ లేదు, మందు లేదు. దేవుడి పాటలు వింటూ కూర్చుంటాడు" అని మేమంతా మెచ్చుకునేవాళ్ళం.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా వీధిలోనే ఒక తెలుగావిడ ఫ్లాట్‌లో ఉండేది. శుక్రవారం పూట ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను కూర్చోబెట్టి తెలుగు రాయించేది. మేము ఆమెను టీచరమ్మ అనేవాళ్ళం. పలక మీద కాదు, బియ్యం బస్తా మీది పేరు, మందు సీసా మీది పేరు, అట్లా చదివించేది. కొంచెం కూడబలుక్కోవడం వచ్చాక, "ఇంక మీ ఫోన్‌ను తెలుగులోకి మార్చుకోండి. అందులో కనబడిందల్లా చదవండి. అదే మీ హోంవర్క్" అంది.

చదువు వచ్చినవాళ్ళు ఫోన్లో అన్నీ చదవరు. కావలసింది నొక్కి వెళ్ళిపోతారు. నేను మాత్రం కొత్తగా పళ్ళొచ్చిన బిడ్డ కనబడిందల్లా కొరికినట్టు ప్రతి ముక్కా చదివేదాన్ని. మార్కెట్ నుంచి వచ్చిన ఆ వారం, మెసేజీల యాప్‌లో మూలన ఉన్న చుక్కలు నొక్కి ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటున్నాను. "లింక్ చేసిన పరికరాలు" అని ఉంది. నొక్కాను. లోపల ఒక ఫోన్ బొమ్మ, దాని కింద "యాక్టివ్" అని ఉంది. అది నా ఫోన్ కాదు.

శుక్రవారం టీచరమ్మకు చూపించాను. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ పేజీని రెండుసార్లు చదివింది.

"ఇది ఎవరిది?"

"ఏమో టీచరమ్మా. అంటే ఏమి?"

"అంటే నీకు వచ్చే మాట, నువ్వు పంపే మాట ఆ ఫోన్‌లోకి కూడా పోతుంది. ఎవరికైనా నీ ఫోన్ ఇచ్చావా? నలుపు తెలుపు చుక్కల గడి లాంటిది దీంతో ఫోటో తీశారా?"

తీశాడు. "సెట్టింగ్ అక్కా, కదలకుండా పట్టుకో" అని డ్రైవర్ తన ఫోన్ నా ముందు పెట్టాడు. నేను ఊపిరి బిగబట్టి పట్టుకున్నాను, బొమ్మ చెదరకూడదని.

నాకు గుర్తొచ్చింది పాట ఒక్కటే కాదు. కూతురితో నా గర్భసంచి గురించి మాట్లాడింది గుర్తొచ్చింది. నా మొగుడు చనిపోయిన రోజు, ఊరికి పోలేక ఇక్కడే ఉండి, ఆ మెట్టు మీద కూర్చుని ఫోన్లోకి ఏడ్చింది గుర్తొచ్చింది. ఆ ఏడుపంతా స్కూల్ గేటు ముందు, ఏసీ కారులో, ఒకడు కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆమె ఆ లింకును తీసేయబోయింది. మళ్ళీ ఆగి, "వద్దు. ఇలాగే ఉంచు. రేపు ఎవరైనా అడిగితే చూపించాలి. అప్పటిదాకా ఫోన్లో ఏమీ మాట్లాడకు" అంది.

ఇంటికొచ్చి ముందుగా చెల్లెలికి చెప్పాలనుకున్నాను. చెల్లెలంటే తోడబుట్టింది కాదు. మా ఇంట్లోనే బట్టలు, గదుల పని చేసే కోనసీమ పిల్ల. నన్ను అక్కా అంటుంది. ఆమె ఫోన్ కూడా అతనే సెట్ చేశాడు. కానీ నేను గేటు దాటేసరికే హాల్లో గోల.

మేడం బంగారు గాజు ఒకటి కనబడలేదు. చెల్లెలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. డ్రైవర్ హాలు మధ్యలో తన ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆ ఫోన్లోంచి చెల్లెలి గొంతు ఏడుస్తోంది.

"ఆ గాజుల చెయ్యి పడిపోనూ! నన్ను కొట్టిన చెయ్యి పుచ్చిపోనూ! నేనీ ఇంట్లో ఉండలేనే, వెళ్ళిపోతానే..."

అది ఊళ్ళో ఉన్న తన సొంత అక్కకు పంపిన మెసేజీ. టీ గ్లాసు పగిలిందని మేడం చెంప మీద కొట్టినరోజు పంపింది. గాజు గీరుకుని చెంప ఎర్రగా వాచింది, నేనే మంచుముక్క పెట్టాను. డ్రైవర్ ఒక్కొక్క మాటా ఆపి, వెనక్కి తిప్పి, అరబ్బీలో మేడంకు చెబుతున్నాడు. పాఠం చెప్పినట్టు చెబుతున్నాడు. "చూడండి మేడం, గాజు మీద ఎంత కక్షో. పారిపోవాలని కూడా చూస్తోంది."

"తిట్టానండీ, తిట్టాను. తీయలేదు. గాజు తీయలేదక్కా, నువ్వైనా చెప్పు" అంది చెల్లెలు.

నేను డ్రైవర్ వైపు తిరిగాను. "అది వాళ్ళక్కతో చెప్పుకున్న మాట. నీ ఫోన్లోకి ఎట్లొచ్చె?"

"మన మంచికే అక్కా. ఎవరేం చేస్తున్నారో ఒక కన్నేసి ఉంచాల కదా. నేను వినబట్టి సరిపోయె."

"నా పాట కూడా మన మంచికేనా?"

అతను సిగ్గుపడలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "పాట బాగుంటాదిలే అక్కా" అన్నాడు.

పోలీసులు వచ్చారు. గది వెతికారు, పరుపు కోసి చూశారు. ఏమీ దొరకలేదు. అయినా మేడం ఫిర్యాదు పెట్టింది కాబట్టి చెల్లెలిని తీసుకెళ్ళి, విచారణ అయ్యేదాకా ఆడవాళ్ళను ఉంచే చోట పెట్టారు. దొంగ ముద్ర పడితే శిక్ష, ఆ తరువాత విమానం ఎక్కించడం, మళ్ళీ ఈ దేశం గడప తొక్కనివ్వకపోవడం. ఊరికి దొంగగా పోవాలి. పోయేముందు చెల్లెలు నా చేయి పట్టుకుని ఒకటే అంది. "దొంగనని మాత్రం పంపనివ్వకక్కా. ఇంకెలాగైనా పంపనీ."

మరుసటి శుక్రవారం, సెలవు పూట మనవాళ్ళు చేరే ఏషియన్ టౌన్‌కు పోయాను, ఎవరికైనా వకీలు తెలుసేమో అడుగుదామని. చాయ్ కొట్టు ముందు మనవాళ్ళు గుంపుగా ఉన్నారు. దగ్గరికి పోతే చెల్లెలి గొంతు వినబడింది. "చెయ్యి పడిపోనూ..." డ్రైవర్ ఆ మెసేజీని ఎవరికో పంపాడు, వాళ్ళు ఇంకెవరికో. కరక్ చాయ్ తాగుతూ వింటున్నారు. ఏడుపు వచ్చిన చోట ఒకడు గొంతు మార్చి ఆమెలాగా ఏడ్చి చూపించాడు. నవ్వులు.

జగిత్యాల వైపు సైట్ పనివాడొకడు అన్నాడు. "గది నోరా, మోరీయా? తిండి పెట్టే దొరసానిని గట్ల తిడ్తదా?"

"ఆడదానికి అంత నోరు ఉండకూడదు" అంది ఒక పెద్దావిడ. నాలాగే ఇంటిపని చేసే మనిషి.

"దాని నోరు సరే. వాడి చెవుల సంగతేంది? అడక్కుండా మనందరి మాటలు విన్నాడే" అన్నాను.

"ఇన్నడు. ఇంటె ఏమాయె? పోలీసోళ్ళు ఇంటలేరా?"

"వాళ్ళు పర్మిషన్ తీసుకుని వింటారు."

"ఎవల పర్మిషన్ అక్కా? దొంగదా? 'అయ్యా దొంగా, జర నీ ఫోన్ ఇంటున్నం, ఏమనుకోకు' అని అడుగుతరా?"

అందరూ విరగబడి నవ్వారు. చాయ్ కొట్టువాడు ఇచ్చిన కప్పు అక్కడే పెట్టి వచ్చేశాను. డ్రైవర్ మీద కలిగిన రోత ఒక ఎత్తు, ఆ పెద్దావిడ మీద కలిగింది ఇంకో ఎత్తు. ఆమె ఫోన్ కూడా అతనే సెట్ చేశాడు. ఆ సంగతి చెప్పినా ఆమె "నా దగ్గర దాచుకునేది ఏముందిలే" అంది. దాచుకునేది లేనివాళ్ళు ఎవరుంటారు? బట్టలు కట్టుకునే ప్రతి మనిషికీ దాచుకునేది ఉంటుంది.

టీచరమ్మ ఒక వకీలును కనుక్కుని, ప్రాసిక్యూషన్ ఆఫీసులో నేను చెప్పుకోవడానికి వేళ ఇప్పించింది. పోవాలంటే మేడం సెలవు ఇవ్వాలి. వంటింట్లోకి ఆమె వచ్చినప్పుడు అడిగాను. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. అందులోనే చెప్పాను.

"ఆ పిల్ల తరఫున మాట్లాడతావా? నీకు ఈ ఇంట్లో ఏం తక్కువైంది?" అంది మేడం.

"ఏమీ తక్కువ కాలేదు మేడం. ఒక్క మాట అడుగుతా, కోప్పడొద్దు. మీ ఫోన్ ఎవరు సెట్ చేసినారు?"

మేడం టేబుల్ మీద ఉన్న తన ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపల ఏం చూసిందో నాకు తెలియదు, ఎన్నడూ చెప్పలేదు. చాలాసేపటికి బయటికి వచ్చి, "పో. టాక్సీలో పో. అతని బండిలో వద్దు" అంది.

ఆఫీసులో ఒక చిన్న వయసు అధికారి, పక్కన తెలుగు తెలిసిన దుబాసీ, రాసుకోవడానికి ఒక గుమాస్తా. గాజు పోయిన రోజే పోలీసులు తీసుకున్న డ్రైవర్ ఫోన్ అప్పటికే వాళ్ళ టేబుల్ మీద ఒక కవరులో ఉంది. నేను నా ఫోన్ తీసి ఆ పేజీ చూపించాను. దుబాసీ చదివి అరబ్బీలో చెప్పాడు. అధికారి వివరాలు చాలా అడిగాడు. ఎప్పుడు లింక్ చేశాడు, నువ్వు ఒప్పుకున్నావా, విన్నట్టు నీకెలా తెలుసు.

నేను ఉండబట్టలేక అడిగాను. "మీరు కూడా జనాల ఫోన్లు వింటారు కదా సార్. బయట మావాళ్ళు అదే అంటున్నారు, పోలీసులు వింటే తప్పులేదు, వాడు వింటే తప్పా అని."

దుబాసీ ఈ మాట చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. చెప్పాడు. అధికారి నవ్వలేదు, కోప్పడలేదు. ఆయన చెప్పింది దుబాసీ నాకు ఇట్లా అందించాడు.

"వింటాం. కానీ చెవి ఉంది కదా అని వినం. ఏ నేరం, ఎవరి నంబరు, వింటే తప్ప నిజం తేలదని ఎందుకు అనుకుంటున్నాం, ఎన్నాళ్ళు వినాలి, ఇవన్నీ రాసి పైన అడగాలి. చట్టం ఎవరికి ఆ అధికారం ఇచ్చిందో వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చిన్నచిన్న వాటికి ఒప్పుకోరు. గడువు అయిపోతే ఆపేయాలి. కేసుకు సంబంధం లేని ఇంటి మాటలు వినబడితే వాటిని బయట పెట్టకూడదు. ఇవేవీ లేకుండా ఒక మనిషి ఇంకో మనిషి మాటలు వింటే, అది సాక్ష్యం కాదు. అదే నేరం."

ఏషియన్ టౌన్‌లో నవ్విన వాళ్ళకు ఇది జవాబు. దొంగను అడగరు. కానీ ఎవరో ఒకర్ని అడగాలి. పోలీసుకు కూడా పైన అడగవలసిన తలుపు ఒకటి ఉంది. మా డ్రైవర్ ఏ తలుపూ తట్టకుండానే నా ఫోన్లోకి దూరాడు.

"అయితే మా చెల్లెలి సంగతి?" అన్నాను.

"ఆమె మీద ఉన్నదల్లా ఆ మెసేజీ ఒక్కటే. దాన్ని లెక్కలోకి తీసుకోలేం. కానీ అతను అది ఆమే తనకు పంపిందని చెబుతున్నాడు. దొంగతనంగా విన్నాడని తేలాలి. ఆమె ఫోన్లో లింకు అతను ముందే తీసేశాడు. నీ ఫోన్లో ఇంకా ఉంది. నీ మెసేజీలు అతని ఫోన్లో ఉన్నాయో లేదో చూడాలి. అంటే నీ గొంతు మేము వినాలి. నువ్వు ఒప్పుకుంటేనే."

మళ్ళీ వినడమా? టేబుల్‌కు అటువైపు ముగ్గురు మగవాళ్ళు. ఏది వింటారు? గర్భసంచి గురించా? మొగుడి కోసం ఏడ్చిందా?

"ఏది వినాలో నేను చెప్పొచ్చునా?"

దుబాసీ అడిగాడు. అధికారి తల ఊపాడు. ఒక కాగితం తెచ్చారు. అరబ్బీలో ఉంది. దుబాసీ తెలుగులో చదివాడు, నేను ఫలానా ఒక్క మెసేజీని వాళ్ళు వినడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నానని. నేను మళ్ళీ ఒకసారి చదవమన్నాను. "ఒక్క" అన్న మాట అందులో ఉందో లేదో ఇంకోసారి అడిగాను. ఉంది. అప్పుడు తెలుగులో నా పేరు రాశాను. అంతకుముందు పెద్ద పెద్ద కాగితాల మీద వేలిముద్ర వేశాను, ఎవరూ నాకు చదివి వినిపించలేదు.

డ్రైవర్ ఫోన్ కవరులోంచి తీసి, వెతికి, నొక్కారు.

"చెవి మీద మచ్చమ్మా, చెంగు పట్టి నడువమ్మా..."

వెనక బట్టల మిషన్ తిరుగుతున్న చప్పుడు కూడా వినబడింది. దుబాసీ ఒక్కొక్క చరణం అరబ్బీలో చెబుతుంటే ఒకాయన రాసుకున్నాడు. అవ్వ దూరదేశంలో అన్నం వారుస్తోంది అని కూడా రాసుకున్నాడు. నా బిడ్డ చెవి మచ్చ సర్కారు ఫైల్లోకి ఎక్కింది. అప్పుడు కూడా రోతగానే ఉంది. అడిగి విన్నంత మాత్రాన పాట మళ్ళీ శుభ్రమైపోదు. కానీ పాట అయిపోగానే అధికారి ఫోన్ బోర్లా పెట్టేశాడు. ఇంకేమీ నొక్కలేదు. అంతవరకు నా గొంతును అట్లా చెప్పినచోట ఆపినవాడు ఎవడూ లేడు.

పిలిపించి అడిగితే, నా లాలి నేనే తనకు పంపానని డ్రైవర్ చెప్పలేకపోయాడు. అతన్ని తీసుకుపోయారు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. చెల్లెలి మీద దొంగతనం ఫిర్యాదును ఆధారాలు లేవని మూసేశారు. గాజు ఏమైందో ఇప్పటికీ తెలియదు. మేడం చెల్లెలిని మళ్ళీ రమ్మనలేదు, ఆమె వచ్చి ఉండేదీ కాదు. చెల్లెలు వేరే ఇంటికి మారడానికి మేడం ఒప్పుకుంది, అంతే. అది నాకు చాలు. చెల్లెలికి చాలు. ఇప్పుడు అల్ ఖోర్‌లో ఒక ఇంట్లో ఉంది. దొంగగా పోలేదు. ఏ గాజూ గీరుకోకుండా పనిచేసుకుంటోంది.

ఏషియన్ టౌన్‌లో ఆ మెసేజీ ఇంకా ఎవరెవరి ఫోన్లలో ఉందో. దాన్ని తుడిచేయమని అడిగితే "అట్లనే అక్కా" అంటారు. అడిగిన తరువాత కూడా ఒకసారి వినే ఉంటారు, నాకు తెలుసు. అక్కడికి పోవడం మానేశాను.

మనవరాలికి ఇప్పుడు పాట రాసి పంపుతున్నాను. నా కూతురు చదివి పాడుతుంది. రాగం దానికి సరిగా రాదు. బిడ్డ "అవ్వ పాట కాదిది" అంటుందట.

చెల్లెలు మాత్రం ఇంకా గొంతుతోనే పంపుతుంది. ఆమెకు ఇంకా అక్షరాలు రాలేదు. ముందు చిన్న మెసేజీ ఒకటి వస్తుంది, రెండు మాటలే ఉంటాయి.

"అక్కా, ఒక్కదానివేనా?"

నేను ఆ పరికరాల పేజీ తెరిచి చూసుకుంటాను. ఖాళీగా ఉంటుంది. "ఒక్కదాన్నే. చెప్పు" అంటాను. అప్పుడు చెబుతుంది.